జాబితాలో లేని ఇల్లు

బెంగుళూరులో మన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నవి. వీధి మురుగుకాలువ మొదలు ఢిల్లీ రాజకీయం దాకా ప్రతి సంగతి మీదా మనకొక అభిప్రాయం ఉన్నది. వోటు వేసే రోజున మాత్రం ఆ అభిప్రాయం ఇల్లు కదలదు.

2024 లోకసభ ఎన్నికలలో బెంగుళూరు దక్షిణ నియోజకవర్గంలో నూటికి 53 మంది, మధ్య, ఉత్తర నియోజకవర్గాలలో 54 మంది చొప్పున మాత్రమే వోటు వేశారు. కనకపుర, మాగడి వంటి తాలూకాలు గల గ్రామాంతర నియోజకవర్గంలో 68 మంది వేశారు. చదువులూ, బస్సులూ, పత్రికలూ ఎక్కువ ఉన్నచోటనే వోట్లు తక్కువ! ఆనాడు శుక్రవారం, వెంట శని, ఆదివారాలు. వోటు కోసం జీతంతో సెలవు ఇవ్వాలని చట్టమున్నది. ఆ సెలవుతో తిరుపతికీ, ఊటీకీ ప్రయాణమైనవారిని మనమందరం ఎరుగుదుము.

అయితే తప్పంతా బద్ధకానిదే అనడం న్యాయం కాదు. నా ఇంటి సంగతే చెబుతాను. 2023 మే 10న శాసనసభ ఎన్నికలు. ఎనభై దాటిన మా అమ్మ తెల్లవారకముందే స్నానం చేసి, జరీచీర కట్టుకొని కూర్చున్నది. తీరా వెళితే మా పేర్లు లేవు. మేము ఇల్లు మారి ఏడాది దాటింది. పాత పేటలో తీసివేశారు. కొత్త పేటలో నేను దరఖాస్తు పెట్టలేదు. నిత్యం ఆఫీసులో పదిమంది దరఖాస్తులు సరిచూసే గుమాస్తాను!

“ఇన్నాళ్లూ ఈ ఊళ్ళోనే ఉన్నాను గదరా, ఇప్పుడు లేనన్నమాట” అన్నది అమ్మ. దారి పొడుగునా నేను మాట్లాడలేకపోయాను.

1951–52 తొలి ఎన్నికలనాడు తమ పేరు చెప్పక, ఫలానావారి భార్యననో, కూతురిననో చెప్పినందువల్ల సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాకెక్కలేదు. ఆనాటి అడ్డు సంకోచం. నేటిది మన అశ్రద్ధ.

ప్రభుత్వం వైపునా లోపమున్నది. మహానగర పాలికె సభ్యుల గడువు 2020 సెప్టెంబరులో తీరింది. తరువాత అయిదేండ్లు గడిచినా కొత్త సభ్యులను ఎన్నుకొనే అవకాశం ప్రజలకు రాలేదు. గుమ్మం ముందరి ఎన్నికే లేకపోతే వోటు అలవాటు ఎట్లా నిలుస్తుంది? ఆస్ట్రేలియాలో 1924 నుండి వోటు వేయడం విధి, వేయనివారికి జరిమానా. మన దేశంలో జరిమానా కంటే ముందు కావలసింది సరియైన జాబితా, సకాలంలో ఎన్నిక.

మనం చేయగలిగిందీ కొంత ఉన్నది. ఇల్లు మారినవారు 8వ నంబరు ఫారం, కొత్తగా చేరేవారు 6వ నంబరు ఫారం ఇవ్వాలి. పదునెనిమిదేండ్లు నిండేవారికి ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ లెక్కకు వస్తవి. ఉగాది సభలో పంచాంగ శ్రవణం కాగానే మన సంఘం ఒక బల్ల వేసి, కన్నడం చదవడం రాని పెద్దలకు ఫారాలు నింపిపెడితే ఎంతో మేలు.

నేను మరునెలలోనే దరఖాస్తు పెట్టాను. 2024లో అమ్మ వోటు వేసింది. సిరా వేలు నాకు చూపి, “ఇప్పుడున్నాను” అన్నది.

చదువరులు ఈ సంచిక మూసేముందు తమ ఇంటివారి పేర్లన్నీ జాబితాలో ఉన్నవో లేవో ఒకసారి చూచుకొందురుగాక.