మెదక్ చర్చి ఫ్రేమ్‌లో పట్టాలంటే: రేంజ్‌ఫైండర్‌కి బయటి వ్యూఫైండర్ ఎట్లా ఎంచుకోవాలి?

ఈ ఎపిసోడ్ టాపిక్ కామెంట్స్‌లోంచే వచ్చింది. "అన్నా, సెకండ్ హ్యాండ్‌లో రేంజ్‌ఫైండర్ కెమెరా తీసుకున్నా, 21 ఎంఎం లెన్స్ కూడా దొరికింది. కానీ నాకు కనిపించేది ఒకటి, ఫిల్మ్ మీద పడేది ఇంకొకటి. పైన పెట్టే వ్యూఫైండర్ ఏది కొనాలి?" అని అడిగారు. మంచి ప్రశ్న. ఎందుకంటే ఇది పైసలతో పని. తప్పు ఫైండర్ కొంటే ఆ పైసలే కాదు, రోల్‌లో ఉన్న 36 ఫ్రేములు కూడా పోతాయి.

ముందు అసలు సమస్య ఏంటో చూద్దాం. ఫోన్‌లో స్క్రీన్ మీద ఏది కనిపిస్తే అదే ఫొటో. రేంజ్‌ఫైండర్‌లో అట్లా కాదు. మీరు లెన్స్ గుండా చూడరు, పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తారు. లెన్స్ మార్చినా ఆ కిటికీ మారదు, లోపల కనిపించే ఫ్రేమ్ గీతలు మాత్రమే మారతాయి. 1954లో వచ్చిన లైకా ఎం3లో 50, 90, 135 ఎంఎంలకే గీతలున్నాయి. 1984లో వచ్చిన ఎం6లో 28 ఎంఎం దాకా ఉన్నాయి. రష్యన్ జోర్కి 4లో అయితే 50 ఒక్కటే. అంటే 21, 15 లాంటి లెన్సులకు ఆ కిటికీ సరిపోదు. అందుకే కెమెరా నెత్తిన, ఫ్లాష్ పెట్టే షూలో ఇంకో ఫైండర్ బిగిస్తారు. ఫోకస్ లోపలి కిటికీలో, ఫ్రేమింగ్ పైన.

ఇప్పుడు లెక్క మన మెదక్ చర్చి మీదే వేద్దాం. 1914లో మొదలై, 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన కట్టడం. వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. ఫార్ములా చాలా సింపుల్: దూరాన్ని 36తో గుణించి, లెన్స్ ఎంఎంతో భాగిస్తే అడ్డం ఫ్రేమ్‌లో పట్టే వెడల్పు వస్తుంది. 36 ఎందుకంటే ఫిల్మ్ ఫ్రేమ్ వెడల్పు 36 ఎంఎం, ఎత్తు 24 ఎంఎం. ఈ లెక్కన 100 అడుగుల వెడల్పు పట్టాలంటే 50 ఎంఎంతో దాదాపు 140 అడుగులు వెనక్కి పోవాలి. 21 ఎంఎంతో 58 అడుగులు చాలు.

ఎత్తు సంగతి వేరే. కెమెరాను పైకి వంచితే గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తది. వంచకుండా, నిలువుగా, సమంగా పట్టుకుంటే ఫ్రేమ్‌లో పై సగమే గోపురానికి పనికొస్తుంది. మన కన్ను ఎత్తు 5 అడుగులు తీసేస్తే, 21 ఎంఎంతో దాదాపు 200 అడుగుల దూరం, 15 ఎంఎంతో 140 అడుగుల దూరం కావాలి. కాబట్టి కట్టడాలు తీసేవాళ్లు ఫైండర్‌లో ఫ్రేమ్ గీతలతో పాటు నీటిబుడగ లెవెల్ ఉందా లేదా అని కూడా చూడాలి.

ఇక ఎంపిక. మొదటి రకం, ఒకే లెన్స్ కోసం చేసినవి. ఫోక్ట్‌లాండర్, జైస్, లైకా మూడూ చేశాయి. లోపల గీతలు స్పష్టంగా ఉంటాయి, బరువు తక్కువ. 1999లో వచ్చిన ఫోక్ట్‌లాండర్ 15 ఎంఎం లెన్స్‌తో పాటు ఫైండర్ కూడా ఇచ్చేవారు. పాతది కొనేటప్పుడు అది సెట్‌లో ఉందో లేదో తప్పకుండా అడగండి. రెండో రకం, చాలా లెన్సులకు ఒకటే. లైకా యూనివర్సల్ వైడ్ యాంగిల్ ఫైండర్‌లో 16, 18, 21, 24, 28 ఉన్నాయి, లెవెల్ కూడా ఉంది. కానీ పెద్దది, ఖరీదు. మూడోది, రష్యన్ తిరిగే ఫైండర్. చవక, కానీ అందులో 28, 35, 50, 85, 135 మాత్రమే. 21కి పనికిరాదు. "యూనివర్సల్" అనే మాట చూసి ఆర్డర్ పెట్టకండి.

డిజిటల్ వాళ్లకు ఒక మాట. లైకా ఎం8 సెన్సర్ చిన్నది, 1.33 రెట్లు లెక్క. దాని మీద 21 ఎంఎం లెన్స్ పెడితే 28 ఎంఎం ఫైండర్ కావాలి. ఎం10, ఎం11 లాంటి లైవ్ వ్యూ ఉన్న బాడీ అయితే వెనక స్క్రీనే చూపిస్తుంది, ముందు అది వాడి చూసి, తర్వాతే ఫైండర్ గురించి ఆలోచించండి.

ఇప్పుడు పారలాక్స్. ఫైండర్ లెన్స్‌కి కొంచెం పైన ఉంటది. సుమారు 6 సెంటీమీటర్లు అనుకుందాం. చర్చి దూరంలో 6 సెంటీమీటర్లు లెక్కలోకే రాదు. కానీ 1 మీటరు దూరంలో 21 ఎంఎం పట్టే ఎత్తు 1.14 మీటర్లు. అందులో 6 సెంటీమీటర్లు అంటే ఇరవయ్యో వంతు. ఫైండర్‌లో తాతయ్య తలపాగా పూర్తిగా కనిపిస్తది, ఫిల్మ్‌లో పైన తెగిపోతది. క్రిస్మస్ రోజు తీసిన ఆ ఫొటో మళ్లీ రాదు. అందుకే మంచి ఫైండర్లలో పై గీత కింద చిన్న చుక్కల గీత ఉంటది. దగ్గరివాళ్లను తీసేటప్పుడు తల ఆ చుక్కల గీత కిందే ఉండాలి.

సెకండ్ హ్యాండ్ ఫైండర్‌ను ఒక టేపుతో టెస్ట్ చేయొచ్చు. 21 ఎంఎంది అయితే గోడకు 7 అడుగుల దూరంలో నిలబడండి. 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు కనిపించాలి. 28 ఎంఎంది అయితే అదే 7 అడుగుల నుంచి 9 అడుగులు, 6 అడుగులు. 15 ఎంఎంకి 5 అడుగుల నుంచే 12, 8 రావాలి. కొంచెం తక్కువ కనిపిస్తే పర్వాలేదు, ఎక్కువ కనిపిస్తే అంచులు తెగుతాయి. అద్దాలు పెట్టుకునేవాళ్లు అద్దాలతోనే చూసి, నాలుగు మూలలూ ఒకేసారి కనిపిస్తున్నాయా చూడండి. షూలో వదులుగా ఉందా, షట్టర్ డయల్‌కి అడ్డం వస్తుందా అనేది కూడా చూడాలి.

ఒక మంచి వార్తతో ముగిస్తా. 21 ఎంఎంని ఎఫ్ 8 దగ్గర పెట్టి, ఫోకస్ 2 మీటర్ల దగ్గర ఉంచితే సుమారు 1 మీటరు నుంచి దూరపు కొండల దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. అంటే పగటి వెలుతురులో లోపలి కిటికీ చూడనవసరమే లేదు. పైన ఫ్రేమ్ చూడు, నొక్కు. అంతే.

కాబట్టి నా సలహా: ఒకటే వైడ్ లెన్స్ ఉంటే దానికి సరిపోయే సింగిల్ ఫైండర్. మూడు ఉంటేనే యూనివర్సల్. మీ దగ్గర ఏ బాడీ, ఏ లెన్స్ ఉందో కామెంట్‌లో రాయండి, లెక్క వేసి చెప్తా. మళ్లీ కలుద్దాం.