పొగకు ఆడ మగ తెల్వదు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల గల్లీలల్ల పొద్దుమూకినంక ఏ చాయ్ బండి కాడ జూసినా సిగరెట్లు కాలుతుంటయ్. పది మంది పోరగాండ్లు తాగుతుంటే ఎవ్వలూ తలెత్తి సూడరు. ఒక్క ఆడపిల్ల ముట్టిస్తే మాత్రం ఆ ముచ్చట ఎల్బీ నగర్ చౌరస్తా దాకా పోతది. ఫోన్లు బయటికొస్తయ్, వీడియోలు తీస్తరు, సంస్కృతి పాడైందంటరు. నేనడిగేది ఒక్కటే: మన బాధ ఊపిరితిత్తుల గురించా, ఆడపిల్ల గురించా?

లెక్కలు జూద్దాం. 2016-17ల కేంద్రం చేయించిన గాట్స్-2 సర్వే ప్రకారం, దేశంల 15 ఏండ్లు, ఆపైన ఉన్న మొగోళ్లల్ల నూటికి 19 మంది పొగ తాగుతరు. ఆడోళ్లల్ల ఇద్దరే. గని ఖైనీ, గుట్కా, జర్దా అసొంటి పొగలేని తంబాకు కాడికొస్తే మొగోళ్లు 30 మంది దాకా, ఆడోళ్లు 13 మంది దాకా ఉన్నరు. ఎందుకట్ల? పొగ నలుగురికి కనవడ్తది, దవడల పెట్టుకున్న జర్దా కనవడది. నేననేదేందంటే, సిగ్గు తంబాకును ఆపలే, దాచిపెట్టింది. దాచుకున్న అలవాటును డాక్టర్‌కు గూడ చెప్పరు. ఇగ మాన్పించేదెవరు?

సంస్కృతి అంటరా, శ్రీకాకుళం దిక్కు ఊర్లల్ల ముసలవ్వలు అడ్డపొగ తాగుడు పాత అలవాటే. చుట్ట మండే కొసను నోట్లె పెట్టుకొని పీలుస్తరు. అక్కడ అది తప్పు కాదు. అయినా ఆ సెగకు అంగిట్ల క్యాన్సర్ వస్తదని డాక్టర్లు ఎన్నో ఏండ్ల సంది చెప్తున్నరు. ఊరు ఒప్పుకున్నా, ఒప్పుకోకున్నా రోగం ఆగది.

ఇంకోటి. బీడీ తాగేది ఎక్కువ మొగోళ్లు, చేసేది ఎక్కువ ఆడోళ్లు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు చాట ఒళ్లె పెట్టుకొని, తునికాకుల తంబాకు పోసి చుడ్తరు. ఆ దుమ్ము ముక్కులకు పోతది, నికోటిన్ చేతుల తోలు నుంచి ఒంట్లెకు పోతది. దగ్గు, మెడనొప్పి, నడుంనొప్పి వాళ్ల వాటా. ఇంట్ల మొగోడు ఇడిసిన పొగ కడుపుతోని ఉన్నామె పీలిస్తే, పుట్టే బిడ్డ బరువు తగ్గొచ్చు. వీళ్ల వీడియో ఎవ్వలూ తియ్యరు.

అట్లని సిగరెట్ ముట్టిస్తే స్వేచ్ఛ రాదు చెల్లే. ఆ మాటను అమ్ముకున్నది కంపెనీలే. 1929ల న్యూయార్క్ ఈస్టర్ ఊరేగింపుల ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచారకర్త, అమెరికన్ టొబాకో కంపెనీ కోసం ఆడోళ్లతోని సిగరెట్లు ముట్టిపిచ్చిండు. వాటికి 'స్వేచ్ఛా దివిటీలు' అని పేరువెట్టిండు. పేరు స్వేచ్ఛది, గిరాకీ కంపెనీది.

తమ్మీ, ఆడపిల్లను తిట్టే ముందు నీ వేళ్ల నడుమ ఉన్నదేందో జూస్కో. మానాలనుకుంటే 1800-11-2356కు ఫోన్ కొట్టు, పైసలు కట్ కావు. నీకైనా, ఆమెకైనా నంబర్ అదే.