మునిగిన లోయలో నడిపిద్దాం రండి!

విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళ్లారా? చుట్టూ నీళ్లు, మధ్యలో కొండ, దానిపై మ్యూజియం. లోపల సున్నపురాతి శిల్పాలు, పక్కన చిన్న చిన్న బోర్డులు. గబగబా ఓ చుట్టు చుట్టేసి, సెల్ఫీ దిగి, 'తిరుగు లాంచీ ఎన్నింటికి?' అని అడుగుతాం. అసలు కథ మాత్రం నీళ్ల అడుగున ఉంది.

క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో అక్కడ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. ప్రాజెక్టు కడితే లోయ మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. కొన్ని కట్టడాలను కొండపైన, అనుపులో తిరిగి నిలబెట్టారు. మిగతా లోయను ఇక కళ్లతో చూడలేం. హెడ్‌సెట్‌తో చూడొచ్చు. ఇమర్సివ్ టెక్నాలజీ నిజంగా పనికొచ్చేది ఇలాంటి చోటే.

ఏఆర్, వీఆర్.. ఏది ఎక్కడ?

ఎదురుగా వస్తువు ఉండి, దాని వివరం కావాలంటే ఏఆర్. విరిగిన శిల్పం వైపు ఫోన్ పెడితే, లేని భాగం తెరపై కనిపిస్తుంది. చోటే లేకపోతే వీఆర్. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం 2019లో మోనాలిసాపై వీఆర్ అనుభవాన్ని సందర్శకులకు అందించింది. మన అమరావతి స్తూపం శిల్పాలు లండన్, చెన్నై, అమరావతిల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. రాళ్లను కదపకుండానే వాటన్నింటినీ ఒకేచోట చూపించే దారి కూడా ఇదే.

పని ఎలా ఉంటుంది?

వస్తువు చుట్టూ తిరుగుతూ, ఒకదానిపై ఒకటి కొంత కలిసేలా ఫొటోలు తీయాలి. మెష్‌రూమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాటి నుంచి త్రీడీ మోడల్ కడుతుంది. దీన్నే ఫోటోగ్రామెట్రీ అంటారు. ఆ మోడల్‌ను బ్లెండర్‌లో తేలిక చేసి, యూనిటీలో పెట్టాలి. తేలిక చేయకపోతే ఫ్రేమ్ రేటు పడిపోయి, చూసేవాళ్లకు తల తిరుగుతుంది.

మా ఊరి చెరువుగట్టు మీది వీరగల్లుతో నేను మొదలెట్టాను. మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తే, నీడలు పడి సగం ముఖం నల్లగా వచ్చింది. మబ్బు పట్టిన రోజు మళ్లీ తీస్తే కుదిరింది. పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. అరిగిపోయిన చేతిలో అందంగా ఓ కత్తి పెట్టేశా. చరిత్ర మాస్టారు ఒకాయన చూసి, 'అది కత్తే అని నీకెవరు చెప్పారు బాబూ?' అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి ఊహించి చేర్చిన భాగానికి వేరే రంగు వేస్తున్నా. మ్యూజియంలో చూసింది జనం నిజమని నమ్ముతారు. ఆ నమ్మకాన్ని పాడుచేయకూడదు.

ఉద్యోగాలు ఉంటాయా?

ఉన్నమాట చెప్పుకోవాలి. మ్యూజియాలు నేరుగా డెవలపర్లను తీసుకోవడం తక్కువ. పనిని స్టూడియోలకు, ఏజెన్సీలకు అప్పగిస్తాయి. అక్కడ యూనిటీ డెవలపర్, త్రీడీ ఆర్టిస్ట్, యూఎక్స్ డిజైనర్ కావాలి. కథనం రాయడానికి, తప్పులు పట్టడానికి చరిత్ర, తెలుగు చదివినవాళ్లూ కావాలి. ఇవే నైపుణ్యాలు గేమింగ్‌లో, ఇళ్ల త్రీడీ వాక్‌త్రూల్లో, ఫ్యాక్టరీ శిక్షణలో కూడా పనికొస్తాయి. అందుకే దీన్నొక్కదాన్నే నమ్ముకోకుండా, దీంతో మొదలుపెట్టండి.

సెలవుల్లో ఇలా..

* మీ ఊళ్లో ఒక్క పాత రాయిని ఎంచుకోండి. గుడి, మ్యూజియం అయితే ముందు అనుమతి అడగండి.
* ఫోన్‌తోనే స్కాన్ చేయండి.
* చరిత్ర లెక్చరర్‌కు చూపించి వివరాలు సరిచూసుకోండి.
* ఒక నిమిషం తెలుగు వాయిస్ జోడించండి.
* మీ అమ్మమ్మకో, తమ్ముడికో చూపించండి. ఎక్కడ తికమకపడ్డారో రాసుకుని సరిదిద్దండి.

రెజ్యూమెలో అందరూ పెట్టే షాపింగ్ వెబ్‌సైట్ ప్రాజెక్టు పక్కన ఇది పెట్టి చూడండి. ఇంటర్వ్యూలో 'ఎందుకు చేశావ్?' అని అడిగితే, చెప్పడానికి మీ దగ్గర ఓ కథ ఉంటుంది.