చిత్రకూటంలో రాముడడిగిన ప్రశ్నలు

చిత్రకూటానికి వచ్చిన భరతుణ్ణి శ్రీరామచంద్రుడు అడిగిన ప్రశ్నలు వాల్మీకి రామాయణం, అయోధ్యాకాండ 100వ సర్గలో ఉన్నాయి. వేళకు మేల్కొంటున్నావా? ఒంటరిగా గానీ, మరీ ఎక్కువమందితో గానీ మంతనాలు సాగించడం లేదు కదా? సైనికులకు జీతభత్యాలు సకాలంలో అందుతున్నాయా? నింద మోపబడిన నిరపరాధుల కన్నీరు పాలకుని సంతతినీ పశుసంపదనూ నశింపజేస్తుందని కూడా స్వామి హెచ్చరించాడు.

గమనించండి. పాలకుని నిద్ర మొదలు సైనికుని జీతం దాకా దేనినీ ఆయన అల్పంగా ఎంచలేదు. తన దినచర్యను ఏలుకోలేనివాడు ఇతరులను ఎలా ఏలగలడు?

గృహమూ చిన్న రాజ్యమే. ఈ రాత్రి నిద్రకు ముందు మీరూ ప్రశ్నించుకోండి: పనివారికి జీతం వేళకు ఇచ్చామా? విచారించకుండానే బిడ్డను దండించామా? ఆ కన్నీటిని రేపటిదాకా నిలువనీయకండి.