నిచ్చెన ఉన్నా ఎక్కలేదు!

అతనో బడిపంతులు. పురుగులు సేకరించడం సరదా. కొత్తరకం పురుగు దొరుకుతుందేమోనని సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల్లోకి వెళ్లాడు. పొద్దుపోయింది. 'ఈ రాత్రికి మా ఊళ్లో ఉండండి' అన్నారు పల్లెజనం. తాడు నిచ్చెన వేసి లోతైన గోతిలోకి దించారు. అడుగున ఓ ఇల్లు, అందులో ఒంటరి స్త్రీ. తెల్లారి చూస్తే... నిచ్చెన లేదు!

అక్కడినుంచీ ఒకటే పని. రాత్రంతా ఇసుక తోడిపోయాలి. మానేస్తే ఇల్లు కూరుకుపోతుంది, పైనుంచి నీళ్లు రావు. ఒకసారి తప్పించుకున్నాడు, దొరికిపోయాడు. కాకిని పట్టి, దాని కాలికి చీటీ కట్టి పంపుదామని ఇసుకలో బకెట్ పాతి ఉచ్చు పెట్టాడు. దానికి 'ఆశ' అని పేరు. కాకి పడలేదు గానీ, బకెట్‌లో నీళ్లూరాయి! ఇసుక అడుగునుంచి తేమను పైకి లాగుతోందన్నమాట. చివరికి ఓ రోజు గర్భం వికటించిన ఆ స్త్రీని ఆసుపత్రికి తీసుకెళ్తూ ఊరివాళ్లు నిచ్చెన అలాగే వదిలేశారు. పైకెక్కి చూశాడు. మళ్లీ కిందికి దిగాడు. పారిపోవడానికి తొందరేముంది? ముందు ఈ నీళ్ల సంగతి ఎవరికైనా చెప్పాలి!

కోబో అబే 1962లో రాసిన 'ఇసుక దిబ్బల్లో స్త్రీ' నవల ఇది. వైద్యం చదివి రచయితగా స్థిరపడ్డారాయన. హిరోషి తెషిగహర ఈ నవలను సినిమాగా తీస్తే, 1964లో కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ ప్రత్యేక బహుమతి వచ్చింది.

దేవుడు మనిషైన రోజు

బతుక్కి ముందే రాసిపెట్టిన అర్థమంటూ లేదు, ఎవరి అర్థం వాళ్లే వెతుక్కోవాలంటుంది అస్తిత్వవాదం. ఫ్రాన్స్‌లో సార్త్ర్, కామూ ఈ మాట చెబుతున్న రోజుల్లో జపాన్ దాన్ని అనుభవిస్తోంది. 1945లో యుద్ధం ఓడింది. 1946 జనవరి 1న చక్రవర్తి తాను దేవుణ్ని కానని ప్రకటించాడు. ఆయన కోసమే ప్రాణాలివ్వాలని నేర్చుకున్న తరం ఇక ఎవరికోసం బతకాలి?

ఒసాము దజాయ్‌కి జవాబు దొరకలేదు. 1948 నాటి 'మనిషిగా అనర్హుడు' నవలలో యోజోకి మనుషులంటే చిన్నప్పట్నుంచీ భయం. అది బయటపడకుండా అందరినీ నవ్విస్తుంటాడు. ఆ నవ్వు ముసుగని ఒకరిద్దరు తప్ప ఎవరూ పసిగట్టలేరు. అదే ఏడాది జూన్‌లో దజాయ్ ఆత్మహత్య చేసుకున్నారు. అప్పటికి ఆయనకు 38 ఏళ్లు. అయినా ఆ పుస్తకాన్ని కుర్రకారు ఇప్పటికీ చదువుతూనే ఉన్నారు.

ఆఫ్రికా కల... ఆసుపత్రి దారి

కెంజాబురో ఓయె టోక్యో విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి సాహిత్యం చదివారు. సార్త్ర్‌ని లోతుగా అధ్యయనం చేశారు. 1963లో ఆ చదువుకి అసలు పరీక్ష ఎదురైంది. మెదడు లోపంతో కొడుకు పుట్టాడు. శస్త్రచికిత్స చేసినా మామూలుగా ఎదుగుతాడన్న భరోసా లేదు.

మరుసటి ఏడాది ఆయన రాసిన 'సొంత విషయం' నవలలో నాయకుడు 'బర్డ్'కీ ఇదే కష్టం. ఆఫ్రికా వెళ్లాలని కలలుగనే ఆ కుర్రాడు తాగుతాడు, పాత స్నేహితురాలి పంచన చేరతాడు. బిడ్డ దానంతటదే చనిపోతే బాగుండునని కూడా అనుకుంటాడు. ఆ పాడు ఆలోచనను ఓయె దాచలేదు. ఆఖరికి బర్డ్ ఇక పరిగెత్తలేనని తెలుసుకుంటాడు. బిడ్డను తిరిగి ఆసుపత్రికి తీసుకెళ్తాడు.

ఓయె కూడా తన కొడుకు హికారికి శస్త్రచికిత్స చేయించారు. మాటలు సరిగా రాని ఆ పిల్లాడు పక్షుల కూతల రికార్డులు శ్రద్ధగా వినేవాడు. ఆరేళ్ల వయసులో ఓ పక్షి కూత విని దాని పేరు చెప్పాడు. పెద్దయ్యాక స్వరకర్త అయ్యాడు. తండ్రికి 1994లో నోబెల్ వచ్చేనాటికే కొడుకు స్వరాల సీడీ మార్కెట్లోకి వచ్చింది. 2023లో ఓయె కన్నుమూశారు.

ఆ బిడ్డ ఇలా ఎదుగుతాడని 1963లో ఏ డాక్టరూ చెప్పలేదు. ఏ హామీ లేకుండానే ఆ తండ్రి ఉండిపోయాడు!