ఆఫీస్ పని మీద ఊరెళ్లినప్పుడు జబ్బు చేస్తే.. పరిహారం ఎవరివ్వాలి?

కంపెనీ పని మీద నాగ్‌పూర్ వెళ్లారు. రాత్రి లాడ్జిలో ఛాతీ నొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరారు. 'అది మీ సొంత జబ్బు, ఆఫీసులో జరగలేదు కదా' అని హెచ్‌ఆర్ అంటే? ఆ ఒక్క మాటతో మీ హక్కు పోదు.

ఎవరు చెల్లించాలి?

నెల జీతం రూ.21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ పరిధిలో ఉంటే, ముందు వెళ్లాల్సింది ఈఎస్‌ఐకే. ఆ పరిధిలో లేకుండా, చట్టం షెడ్యూలులో ఉన్న పనులు చేసేవారికి యజమానే పరిహారం ఇవ్వాలి. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలోని ఈ బాధ్యత, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో ఉంది. యజమాని తప్పు చేశారని మీరు నిరూపించనక్కర్లేదు. పని వల్ల, పని చేస్తున్న సమయంలో ప్రమాదం జరిగిందని చూపాలి.

జబ్బు అయితే?

మెలిక ఇక్కడే ఉంది. డ్యూటీలో ఉండగా గుండెపోటు వచ్చిందన్నంత మాత్రాన పరిహారం రాదని, పని ఒత్తిడితో దానికి సంబంధం ఉండాలని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. 2012లో ఓ లారీ డ్రైవర్ కుటుంబం కేసులో అదే సంబంధం కనిపించింది. దూరప్రయాణంలో నలతగా అనిపించి, లారీని రోడ్డు పక్క హోటల్ దగ్గర ఆపిన ఆయన కుప్పకూలి చనిపోయారు. ఒంటిపై గాయం లేకున్నా, డ్రైవింగ్ శ్రమను లెక్కలోకి తీసుకుని కోర్టు పరిహారం ఇవ్వాలంది.

పని ముగిశాక సొంతంగా షికారుకు వెళ్లి గాయపడితే మాత్రం క్లెయిమ్ నిలబడటం కష్టం.

ఎంత వస్తుంది?

మరణిస్తే నెల జీతంలో 50 శాతాన్ని, శాశ్వతంగా పూర్తి వైకల్యం వస్తే 60 శాతాన్ని వయసును బట్టి నిర్ణయించిన అంకెతో గుణిస్తారు. 1923 నాటి చట్టంలో కనీస మొత్తాలు రూ.1.20 లక్షలు, రూ.1.40 లక్షలుగా ఉండేవి. పనిలో అయిన గాయాలకు చికిత్స ఖర్చు అదనం.

మీరేం చేయాలి?

* టూర్‌కు పంపిన ఈమెయిల్ లేదా వాట్సాప్ మెసేజ్, టికెట్లు, లాడ్జి బిల్లు దాచుకోండి.
* ఎన్ని గంటలు పనిచేశారో, ఎంత దూరం తిరిగారో డాక్టర్‌కు చెప్పి కేస్ షీట్‌లో రాయించండి.
* వీలైనంత త్వరగా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి.
* కంపెనీ కాదంటే రెండేళ్లలోపు కార్మిక శాఖలోని సంబంధిత అధికారికి దరఖాస్తు చేయండి.

ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. తర్వాత నిలబడేది కాగితమే.