లేజర్ కోత ఒకచోట తెగి, మరోచోట ఆగితే? లోపం జాడ చెప్పే ఆనవాళ్లు ఇవే

కోల్‌కతా: దుర్గాపూజ దగ్గరపడేకొద్దీ కోల్‌కతాలో పందిళ్ల అలంకరణలు తయారుచేసే పనివారికి తీరిక ఉండదు. 2021లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చోటు పొందిన ఈ ఉత్సవానికి కావలసిన జాలీలు, తోరణాలు, అక్షరాలను చేతి పనిముట్లతో పాటు లేజర్ యంత్రాలతోనూ కోస్తున్నారు. ప్లైవుడ్, ఎండీఎఫ్, యాక్రిలిక్ షీట్లపై గంటల పనిని ఈ యంత్రం నిమిషాల్లో ముగిస్తుంది. అయితే ఒకే షీటులో ఒక మూల శుభ్రంగా తెగి, మరో మూల సగంలో ఆగిపోతే ఆ షీటంతా వృథా అవుతుంది. గడువు తరుముతున్న చిన్న కార్ఖానాకు అది మోయలేని నష్టం.

అలాంటప్పుడు చాలామంది వెంటనే చేసే పని లేజర్ శక్తిని పెంచడం. తెగని చోటు అప్పటికి తెగవచ్చు. కానీ బాగా తెగుతున్న చోట అంచులు మాడిపోతాయి, మంట లేచే ప్రమాదం పెరుగుతుంది, నిర్దేశించిన విద్యుత్ ప్రవాహాన్ని మించితే ట్యూబు ఆయుష్షు తగ్గుతుంది. అసలు లోపం మాత్రం అలాగే ఉంటుంది. కోత ఎక్కడ, ఎప్పుడు చెడుతోందో గమనిస్తే కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

కంటికి కనిపించని కిరణం

చెక్క, యాక్రిలిక్ కోతకు ఎక్కువగా వాడేది కార్బన్ డయాక్సైడ్ లేజర్. మహారాష్ట్రలోని బారామతిలో జన్మించిన శాస్త్రవేత్త సి. కుమార్ పటేల్ 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో దీనిని కనుగొన్నారు. దీని తరంగదైర్ఘ్యం 10.6 మైక్రోమీటర్లు. ఇది పరారుణ కిరణం కనుక కంటికి కనిపించదు.

గాజు ట్యూబులో పుట్టిన కిరణం సాధారణంగా మూడు అద్దాలపై పరావర్తనం చెంది, కోత తల లోపలి లెన్సును చేరుతుంది. లెన్సు దానిని వెంట్రుక మందమంత చుక్కగా కుదించి షీటుపై పడవేస్తుంది. ఈ దారిలో ఏ ఒక్క మజిలీ తప్పినా కోత చెడుతుంది.

ఐదు చతురస్రాల పరీక్ష

లోపాన్ని వెతకడానికి సులువైన మార్గం ఒకటుంది. మిగిలిపోయిన యాక్రిలిక్ షీటు ముక్కలను యంత్రం బల్ల నాలుగు మూలల్లోనూ, మధ్యలోనూ ఉంచి, ఒకే వేగంతో, ఒకే శక్తితో చిన్న చతురస్రాలను కోయాలి. ప్లైవుడ్‌లా పొరలు, జిగురు లేకపోవడం వల్ల యాక్రిలిక్ ఈ పరీక్షకు అనువైనది.

ట్యూబుకు దగ్గరి మూలలో బాగా తెగి, దూరం పెరిగేకొద్దీ కోత బలహీనపడితే అద్దాల అమరికను అనుమానించాలి. కిరణం పట్టాలకు సమాంతరంగా లేకపోతే, తల దూరం జరిగేకొద్దీ అది లెన్సు మధ్య నుంచి పక్కకు తొలగుతుంది. అద్దం ముందు కాగితపు టేపు అతికించి, తల దగ్గరగా ఉన్నప్పుడు ఒకసారి, దూరంగా ఉన్నప్పుడు ఒకసారి అతి తక్కువ శక్తితో క్షణకాలం కిరణాన్ని వదిలితే రెండు మచ్చలూ ఒకే చోట పడాలి. పడకపోతే అద్దం మరలను సరిచేయాలి.

ట్యూబుకు ఉన్న దూరంతో సంబంధం లేకుండా ఒక పక్క మాత్రమే తెగకపోతే బల్ల ఎత్తులో తేడా ఉండవచ్చు. సాధారణంగా వాడే 50.8 మిల్లీమీటర్ల లెన్సుతో కిరణం పదునుగా ఉండే లోతు సుమారు 2 మిల్లీమీటర్లే. బల్ల ఒక పక్క అంతకు మించి కుంగితే చుక్క వెడల్పై, కోత లోతు తగ్గుతుంది. ఫోకస్ గేజ్‌తో నాలుగు మూలల్లోనూ ఎత్తు కొలిస్తే ఇది తేలిపోతుంది.

ఐదు చోట్లా ఒకేలా బలహీనంగా ఉంటే లెన్సుపై మసి, తప్పు ఫోకస్, లేదా పాతబడిన ట్యూబు కారణం కావచ్చు. ముందుగా లెన్సును చూడాలి. మసి పట్టిన లెన్సు కిరణాన్ని తానే పీల్చుకుని వేడెక్కి, చివరకు పగిలిపోతుంది. చల్లారిన తరువాత లెన్సు కాగితంతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెల్లగా తుడవాలి. ఇది జింక్ సెలెనైడ్‌తో చేసినది. పగిలితే ముక్కలను వట్టి చేతులతో తాకరాదు.

యాక్రిలిక్ సమంగా తెగి, ప్లైవుడ్ మాత్రమే తెగకపోతే లోపం యంత్రానిది కాదు. లోపలి పొరల్లో జిగురు గడ్డకట్టిన చోట, చెక్క ముడి ఉన్న చోట కిరణం ఆగిపోతుంది.

వానాకాలం తెచ్చే చిక్కు

ఉదయం బాగా తెగి, మధ్యాహ్నానికి కోత మందగిస్తే శీతలీకరణను పరిశీలించాలి. ట్యూబు చుట్టూ తిరిగే నీరు వేడెక్కేకొద్దీ లేజర్ శక్తి తగ్గుతుంది. అందుకే నీటిని సాధారణంగా 15–25 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచుతారు.

కోల్‌కతాలో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పూజ పనులు ఊపందుకునే నెలలే తేమ అధికంగా ఉండే నెలలు. గది ఉష్ణోగ్రత 32 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం ఉన్నప్పుడు 28 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ఏ వస్తువుపైనైనా నీటి బిందువులు ఏర్పడతాయి. నీటిని 20 డిగ్రీల వద్ద ఉంచితే చన్నీళ్ల గ్లాసుకు పట్టినట్లే ట్యూబుకు చెమ్మ పడుతుంది. కిరణం వెలువడే చివర చెమ్మ చేరితే కోత మారిపోతుంది. వేల వోల్టుల విద్యుత్తు అందే చివర చేరితే నిప్పురవ్వలు లేస్తాయి.

దీనికి పరిష్కారం గదిలో ఉంది. ఏసీతో గదిని 25 డిగ్రీలకు, తేమను 50 శాతానికి తగ్గిస్తే చెమ్మ పట్టే హద్దు సుమారు 14 డిగ్రీలకు దిగుతుంది. అప్పుడు 20 డిగ్రీల నీరు సురక్షితం. నాజిల్‌కు గాలినిచ్చే కంప్రెసర్ కూడా తేమను నీటిగా మార్చి లెన్సుపై చిమ్మగలదు. ఆ గొట్టానికి నీటిని వేరుచేసే ఫిల్టరు అమర్చాలి. తేమ పీల్చిన ఎండీఎఫ్, ప్లైవుడ్ వంగి ఫోకస్‌ను చెడగొడతాయి కనుక షీట్లను పొడి చోట బల్లపరుపుగా పేర్చాలి. కోసేటప్పుడు వాటి అంచులను అయస్కాంతాలతో అదిమి ఉంచాలి. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంత నగరాల్లోనూ ఇవే జాగ్రత్తలు అవసరం.

భద్రతే ముందు

అద్దాలు సరిచేసే పనిని శిక్షణ పొందినవారే చేయాలి. మూత తెరిచి ఉన్నప్పుడు దారితప్పిన కిరణం కంటిని క్షణంలో గాయపరచగలదు. ఈ తరంగదైర్ఘ్యానికి తగిన రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. పొగ బయటకు పోయే గొట్టం పూడుకుపోతే కోతతో పాటు పనివారి ఊపిరితిత్తులూ దెబ్బతింటాయి. పీవీసీతో చేసిన షీట్లను, రెక్సిన్‌ను లేజర్‌తో కోయనే కూడదు. వాటినుంచి వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, యంత్రాన్నీ తినేస్తుంది. యంత్రం నడుస్తున్నంతసేపూ మనిషి పక్కనే ఉండాలి, అగ్నిమాపక సాధనం చేతికి అందేలా ఉండాలి.

రోజూ పని మొదలుపెట్టే ముందు లెన్సును పరిశీలించి, నీటి ఉష్ణోగ్రతను చూసి, ఒక చతురస్రం కోసి చూడటానికి పట్టేది కొద్ది నిమిషాలే. ఆ పరీక్ష ముక్కలపై తేదీ రాసి దాచుకుంటే, కోత ఎప్పటినుంచి మందగించిందో అవే చూపుతాయి.